అద్దె గది – కాయక ధర్మము



కూడలసంగమమున మలప్రభను తనలో కలుపుకొనిన కృష్ణవేణి దిగువకు సాగి, తెలంగాణ నేలను చేరి, ధరూరు మండలములోని రేవులపల్లి చెంత జూరాల జలాశయమున నిలుచుచున్నది. ఆ సంగమక్షేత్రమునకు శరణ సంప్రదాయమున విశిష్టమైన స్థానము కలదు. బాగెవాడిలో జన్మించిన బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, ఇల్లు విడిచి, విద్య కొరకును సాధన కొరకును చేరినది ఆ సంగమమునకే. అచ్చటి గురువు ఆ బాలుని చేరదీసెను, ఉండుటకు చోటిచ్చెను, శాస్త్రము నేర్పెను. పన్నెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణమున కొత్త ధర్మమునకు ప్రాణము పోసిన మహానుభావుడు ఒకనాడు ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థియే. శివానుభవమును గూర్చి మాటలాడువారు ఈ సంగతిని తరచుగా విస్మరింతురు.

ఇల్లు విడిచి వచ్చు విద్యార్థులు నేడును కలరు. ధరూరు చుట్టుపట్ల పల్లెల బాలబాలికలు ఊరిలో లభించు చదువు ముగియగానే పెట్టె చేతబట్టి బయలుదేరవలసినదే. 2008లో స్థాపింపబడిన పాలమూరు విశ్వవిద్యాలయము మహబూబునగరమున, రాయచూరు మార్గమునందలి బండమీదిపల్లిలో నున్నది. దాని స్నాతకోత్తర కేంద్రములు గద్వాల, వనపర్తి, కొల్లాపురములలో వెలసినవి. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనమున 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. 2016లో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలైన పిదప చదువుల శాలలు మరికొన్ని వచ్చినవి. నాగర్‌కర్నూలునను వనపర్తియందును 2022లో, గద్వాలయందు 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఇంకను దూరమునకు పోగలవారు హైదరాబాదు చేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయము చుట్టునున్న విద్యానగరు, నల్లకుంట, తార్నాకలలో గదులు వెదకికొందురు.

ప్రభుత్వ వసతిగృహములు అందరికిని చాలవు. కావున పట్టణములలో ఇండ్లుగలవారు మేడపై రెండు గదులో, పెరటిలో నాలుగు గదులో కట్టి విద్యార్థులకు కిరాయికి ఇచ్చుట సాధారణమైనది. జూరాల నీటితో పంట పండించి, నాలుగు రూపాయలు వెనుక వేసి, గద్వాలలోనో మహబూబునగరమునందో ఇల్లు కట్టిన రైతులును వీరిలో కలరు. వీరిలో పెక్కుమంది ఉదయము లేచి స్నానమాచరించి, విభూతి ధరించి, ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజ చేయు భక్తులు. పూజ ముగిసి లేచిన పిమ్మట నెల మొదటి తేదీన వారు గది తలుపు తట్టి అద్దె అడుగుదురు. అరచేతిలో లింగమును నిలిపిన ఆ చేయియే అద్దెను కూడ అందుకొనును. ఈ రెండు పనులకును సంబంధమున్నదా, లేదా?

ఈ ప్రశ్నకు లోకమున రెండు విధములైన సమాధానములు వినవచ్చుచున్నవి. పూజ వేరు, వ్యాపారము వేరు. అంగడి ధర ఎంత పలికిన అంత పుచ్చుకొనుటలో తప్పులేదని కొందరందురు. చదువుకొను పిల్లల వద్ద పైకము పుచ్చుకొనుటయే దోషమనియు, భక్తుడైనవాడు ఉచితముగ ఇయ్యవలెననియు మరికొందరందురు. బసవేశ్వరుని మార్గమున ఈ రెండును నిలువవు. మొదటిమాట లింగమును పూజామందిరమునకే పరిమితము చేయుచున్నది. రెండవమాట కాయకమును అవమానించుచున్నది.

కాయకమనగా కాయముతో, అనగా శరీరశ్రమతో, నీతి తప్పక చేయు జీవనవృత్తి. పంచాచారములలో సదాచారము బోధించునది ఇదియే. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారెవ్వరును తమ పనికి ప్రతిఫలము గ్రహించుట దోషమని తలపలేదు. ఇల్లు కట్టుటయందు ధనమున్నది, శ్రమయున్నది. కట్టిన ఇంటిని నిలుపుకొనుటయందు ఇంకను శ్రమయున్నది. వాన కురిసినప్పుడు కప్పు కారకుండ చూచుట, బోరు మోటారు చెడినచో నాటికి నాడే బాగుచేయించుట, నీళ్ల ట్యాంకు కడిగించుట, మరుగుదొడ్డి బాగుగ నుంచుట, ఏటేట సున్నము వేయించుట – ఇవి చేయువాడు పుచ్చుకొను అద్దె కాయకఫలమే. ఇవి యేమియు చేయక, గోడ చెమ్మగిల్లినను కుళాయి ఎండినను పట్టించుకొనక, తేదీ మాత్రము మరువక వచ్చి చేయి చాచువాడు కాయకము చేయుటలేదు. తాను చెమటోడ్చని ఫలమును అతడు ఆశించుచున్నాడు.

అద్దె పుచ్చుకొనుట ధర్మమైనప్పుడు, ఎంత పుచ్చుకొనుట ధర్మము? ఈ ప్రశ్నకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర సమాధానము చెప్పుచున్నది. వీరు గద్వాల సీమకు పొరుగుననే యున్న రాయచూరు జిల్లా, లింగసుగూరు ప్రాంతమునందలి అమరేశ్వరమునుండి కళ్యాణమునకు చేరినవారని సంప్రదాయము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే లక్కమ్మ వండి, జంగములకు పెట్టి, మిగిలినది ప్రసాదముగ గ్రహించెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆవశ్యకతకు మించి తెచ్చుట ఆశ యగునని భర్తను హెచ్చరించి, ఎక్కువైన గింజలను వచ్చినచోటనే వేసి రమ్మని పంపెను.

ఇందు గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఒకరిని బాధించి తెచ్చినది కాదు; నేలపై రాలినది. అయినను లక్కమ్మ దానిని ఇంటిలో నుంచుకొనలేదు. మరియు ఎక్కువ వచ్చినదని ఆమెకు తెలిసినదెట్లు? దినదినము కొలిచినందువలననే తెలిసినది. కొలత యెరుగని ఇంటిలో ఎక్కువ తక్కువలు తెలియవు. కావున లెక్క వ్రాసికొనుట లోభి లక్షణమని తలపరాదు. నిజాయితీతో వ్రాసిన లెక్క భక్తునికి లోభమునుండి రక్ష.

అద్దె ఇండ్లలో ఎక్కువ గింజలు ఎక్కడ చేరునో కొలిచి చూచిన తెలియును. ఒక యజమానికి నాలుగు గదులున్నవనియు, ఒక్కొక్క గదిలో నెలకు 40 యూనిట్ల విద్యుత్తు ఖర్చగుచున్నదనియు అనుకొనుడు. విద్యుత్తు సంస్థకు తాను చెల్లించుదానికన్న యూనిట్టుకు 3 రూపాయలు ఎక్కువగా అతడు వసూలు చేసినచో, ఒక్కొక్క గదినుండి 120 రూపాయలు, నాలుగు గదులనుండి 480 రూపాయలు నెలనెల చేరును. పదినెలలలో అది 4,800 రూపాయలగును. ఇది అద్దె కాదు, కరెంటు ఖర్చును కాదు. దీనికి పేరులేదు, పేరులేని రాబడియే లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము. అట్లే, గది ఖాళీ చేయునాడు లేని గీతలను గోడపై చూపి అడ్వాన్సు సొమ్మును తగ్గించుట, పరీక్షల నెలలో విద్యార్థి వేరొకచోటికి కదలలేడని యెరిగి అద్దె పెంచుట, ఇచ్చిన సొమ్ముకు రసీదు వ్రాయకుండుట – ఇవన్నియు ఆ జాతివే.

ఈ విషయమున దేశచట్టమును శరణుల ఆచారమును ఒకే దిక్కున నడచుచున్నవి. 1960 నాటి భవనముల అద్దె నియంత్రణ చట్టము, తాను వర్తించు పట్టణములలో, చెల్లించిన అద్దెకు రసీదు పొందు హక్కును కిరాయిదారునకు ఇచ్చినది. నీరు, దీపము వంటి సౌకర్యములను న్యాయమైన కారణములేక నిలుపరాదన్నది. 2021లో కేంద్రప్రభుత్వము ఆమోదించి రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము నివాసపు ఇండ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదనియు, ఒడంబడిక వ్రాతపూర్వకముగ నుండవలెననియు, యజమాని లోనికి రాదలచినచో 24 గంటల ముందుగ తెలుపవలెననియు చెప్పుచున్నది. చట్టము భయముచేత చేయించుదానిని భక్తుడు ప్రేమచేత చేయును. చట్టము తన ఊరికి వర్తించునా వర్తింపదా యని వెదకుట అతనికి అవసరముండదు.

ఇంటి యజమానుల కష్టమును కూడ న్యాయముగ చెప్పవలెను. అద్దె గదులన్నియు మిగులు ధనముతో కట్టినవి కావు. బ్యాంకు అప్పు తెచ్చి కట్టి, వచ్చు అద్దెతోనే వాయిదాలు తీర్చుకొను విశ్రాంత ఉద్యోగులు, భర్తను కోల్పోయిన తల్లులు కలరు. రెండు నెలల బాకీ యుంచి రాత్రికి రాత్రి తాళము వేసిపోయిన విద్యార్థియు, ముగ్గురమని చెప్పి ఆరుగురు చేరిన మిత్రబృందమును, అర్ధరాత్రివేళ పాటల మోతతో ముసలివారి నిద్ర చెడగొట్టువారును లేకపోలేదు. ఇట్టి సందర్భమున సహించి యూరకుండుటయే దయ యని శరణులు చెప్పలేదు. చేరునాడే నియమములను కాగితముపై వ్రాసి, ఇరువురును సంతకము చేసి, బాకీ పడినచో విద్యార్థి తలిదండ్రులకు మర్యాదగ తెలుపుట తగిన పద్ధతి. ఖాళీ చేయింపవలసివచ్చినను తగిన గడువీయవలెను; నెలసరి అద్దెకు 15 దినముల నోటీసు అవసరమని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నాడే నిర్ణయించినది. సామాను వీధిలో వేయించుట మాత్రము భక్తుని చేతికి తగదు. ఇల్లు విడుచుట ఎట్టిదో ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1981లో శ్రీశైల జలాశయపు ముంపునకు అలంపురము, కొల్లాపురము ప్రాంతముల పల్లెలెన్నియో ఖాళీయైనవి. కూడవెల్లి సంగమేశ్వరునకే తన చోటు విడిచి అలంపురమునకు తరలిపోవలసివచ్చినది. దేవుని ఆలయమును రాయి రాయి విప్పి భద్రముగ తరలించిన నేలపై, ఒక విద్యార్థి పుస్తకములు వీధిపాలగుట శోభింపదు.

అయినను అద్దె, అడ్వాన్సు, కరెంటు లెక్కలకన్న బరువైన విషయము వేరొకటి కలదు. అది గది చూడవచ్చిన విద్యార్థిని గుమ్మము వద్ద నిలిపి అడుగు ప్రశ్న. ఏ ఊరు, ఏమి చదువు అని మొదలైన మాట మెల్లగ ఇంటిపేరువైపు మరలును. తండ్రి ఏమి చేయునని అడుగుదురు. తుదకు, మీరేమిట్లు అని తేల్చుదురు. సమాధానము నచ్చనిచో గది ఇంతకుముందే ఒకరు మాటలాడుకొని పోయిరని చెప్పుదురు. సాయంకాలమునకు ఆ బోర్డు గోడపై అట్లే వ్రేలాడుచుండును. తిరస్కారము రుచి యెరిగిన విద్యార్థి రెండవ ఇంటివద్ద పేరు మార్చి చెప్పును. అతడు చదువు కొరకు పట్టణమునకు వచ్చెను. పట్టణము అతనికి నేర్పిన మొదటి పాఠము అబద్ధము. ఆ అబద్ధపు దోషము చెప్పినవానిదా, చెప్పించినవానిదా?

శివాచారమనగా శివభక్తులలో పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులు ఎంచకుండుట. దీని కొరకు శరణులు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. సమగార హరళయ్య కుమారునకును, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుని కుమార్తెకును కళ్యాణమున వివాహము జరిగెను. దానిని సహింపలేని బిజ్జలుని కొలువు ఆ తండ్రులిరువురికిని ఘోరమైన మరణదండన విధించెను. కళ్యాణము అల్లకల్లోలమయ్యెను; శరణులు దిక్కుదిక్కులకు చెదరిరి; బసవేశ్వరుడు సంగమమునకు మరలిపోయెను. ఆ రక్తపు కథను పురాణశ్రవణమున విని కన్నులు తుడిచికొనిన భక్తుడు, ఇంటికి వచ్చి గుమ్మము వద్ద అదే ప్రశ్న అడిగినచో, అతడు విన్నది ఎవరి కథ? మెడలోని ఇష్టలింగము పుట్టుకను చూచి వచ్చినది కాదు. అది మెడలోనుండగా నోట కులప్రశ్న పలుకుట, ఒక చేత కట్టినదానిని రెండవచేత కూల్చుటయే.

ఇచ్చట కొందరు నిజాయితీగనే ఒక సందేహము తెలుపుదురు. ఇల్లు శాకాహార నియమము గలది. క్రింద పూజ జరుగుచుండ మేడపై మాంసము వండుట తమకు సమ్మతము కాదు. కావుననే అడుగవలసివచ్చుచున్నదని వారందురు. ఈ సందేహమునకు సమాధానము కష్టము కాదు. ఇంటిలో ఏమి వండరాదో చెప్పుట ఒక నియమము. దానిని బోర్డుపైననే వ్రాయవచ్చును, వచ్చిన ప్రతివానికిని ఒకే విధముగ ముందుగనే చెప్పవచ్చును. సమ్మతించినవాడు చేరును, సమ్మతింపనివాడు వేరొక గది చూచుకొనును. పుట్టుకను అడిగి వంటను ఊహించుట వేరొక సంగతి. నియమము పొయ్యికి సంబంధించినది. ఆ ప్రశ్న మనుష్యునికి సంబంధించినది. నియమమునకు సమ్మతించిన విద్యార్థి ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను గది ఇచ్చుటకు వెనుదీసినచో, అడిగినది ఆహారమును గూర్చి కాదని యజమాని మనస్సునకే తెలియును.

విద్యార్థినుల విషయమున వేరొక జాగ్రత్త కావలెను. ఒంటరిగ వచ్చిన ఆడపిల్లకు గది ఇయ్యమని తలుపు మూయువారు కొందరు. ఇచ్చి, వచ్చిపోవు ప్రతి అడుగును ప్రశ్నించువారు మరికొందరు. అక్కమహాదేవి రాజభోగమును తృణీకరించి ఒంటరిగ నడచి కళ్యాణము చేరినప్పుడు అల్లమప్రభువు ఆమెను పరీక్షించినమాట నిజమే. కాని ఆ పరీక్ష ఆమె అనుభవమునకు జరిగినదే గాని ఆమె ఒంటరితనమునకు కాదు. పిదప శరణసభ ఆమెను అక్క యని గౌరవించెను. శ్రీశైలము వద్ద కృష్ణాతీరమున ఆమె పేర నున్న గుహలను నేటికిని యాత్రికులు దర్శించుచున్నారు. గట్టి గడియ, వెలుతురు గల మెట్లు, తెలుపక లోనికి రాని యజమాని – ఈ మూడును ఆడపిల్లలకు ఇయ్యవలసిన గౌరవము.

ఇంతవరకు చెప్పినది కాయకము. దానిపైని మెట్టు దాసోహము. ఈ నేలకు అదియును కొత్తది కాదు. పేద విద్యార్థులకు వారములో దినమునకొక ఇల్లు చొప్పున అన్నము పెట్టు వారాల పద్ధతి తెలుగునాట చిరకాలము నడచినది. వనపర్తి సంస్థానమునందలి రాయణిపేటలో 1869లో జన్మించి, హైదరాబాదు నగర కొత్వాలైన రాజబహదూరు వెంకటరామిరెడ్డి, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడిన 1918వ సంవత్సరముననే రెడ్డి హాస్టలు స్థాపనకు పూనుకొనెను. పల్లెలనుండి రాజధానికి వచ్చిన తెలుగు విద్యార్థులకు అది నీడయైనది. 1907లో జన్మించి 2019లో లింగైక్యులైన తుమకూరు సిద్ధగంగామఠపు శివకుమార మహాస్వాములవారు కులమత భేదము పాటింపక వేలకొలది బాలురకు అన్నము, ఆశ్రయము, విద్య ప్రసాదించిరి.

నాలుగు గదులు గల గృహస్థు వేలమందిని పోషింపలేడు; అతనినుండి ఎవ్వరును అది కోరరు. అతని దాసోహము అతని కొలతకు తగినట్లుండును. తండ్రి పంట ఎండిపోయిన విద్యార్థికి పత్తి అమ్ముడుపోవువరకు గడువిచ్చుట, పరీక్షల రాత్రులలో మెట్లపై దీపము ఆర్పకుండుట, జ్వరము తగిలిన పిల్లవానికి రెండు జొన్నరొట్టెలు పంపుట, సెలవులలో ఊరికి పోయిన నెలకు అద్దె కొంత తగ్గించుట – ఇవి చాలును. అయితే చేసినదానిని వీధిలో చెప్పుకొనినచో అది దాసోహము కాదు. భృత్యాచారము ఇచ్చువానిని సేవకునిగ నిలుపును, ఉపకారిగ నిలుపదు. కాయకములో లెక్క యుండవలెను. దాసోహములో లెక్క యుండరాదు. ఈ రెంటిని తారుమారు చేసికొని, అద్దెలో లెక్క తప్పి, దానములో లెక్క చెప్పుకొనువారు రెండువిధముల నష్టపోదురు.

శరణులు స్థావరముకన్న జంగమమును మిన్నగ భావించిరి. ఇల్లు స్థావరము, కట్టినచోటనే యుండి ఏటేట పాతబడును. విద్యార్థి కదలిపోవువాడు, రెండు సంవత్సరములో మూడు సంవత్సరములో ఉండి, ఉపాధ్యాయుడుగనో వైద్యురాలుగనో మరియొక ఊరు చేరును. ఆ గదిలో పొందిన మర్యాదయు అవమానమును అతనితోకూడ ప్రయాణము చేయును. రేపు తానొక ఇల్లు కట్టి తలుపు వద్ద నిలిచినప్పుడు, వచ్చినవానిని ఏమి అడుగవలెనో అతడు నేర్చుకొనునది నేటి యజమాని నోటినుండియే.

కళాశాలలు తెరచు దినములలో పెట్టె చేతబట్టిన పిల్లలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వీధులలో బోర్డులు చదువుచు తిరుగుదురు. వారిలో ఒకరు గుమ్మమెక్కినప్పుడు లింగధారియైన గృహస్థు గది చూపవలెను, అద్దె చెప్పవలెను, నియమము చెప్పవలెను, రసీదు వ్రాయవలెను. అడుగవలసినది చదువును గూర్చి మాత్రమే.